లెక్కకు చిక్కని కౌలుదారు: సంఘపరిశోధనా మార్గముల బలాబలములు

గన్నవరము చుట్టుప్రక్కల చేలలో నేడు ఎందఱు కౌలురైతులు సేద్యము చేయుచున్నారను ప్రశ్న వినుటకు మిక్కిలి చిన్నది. సమాధానము మాత్రము అడిగిన చోటునుబట్టి మాఱుచుండును. రెవిన్యూ కార్యాలయమున అడంగలు విప్పి చూచినచో తఱచుగా పట్టా యెవరి పేర నున్నదో వారే సాగుదారులుగా కనబడుదురు. సొసైటీలోను బ్యాంకులోను పంటఋణముల పద్దులు తిరుగవేసినచో కౌలు కార్డు చేతబట్టుకొని వచ్చిన కొద్దిమంది మాత్రమే తేలుదురు. భూమి యజమాని నడిగినచో "మా పొలం మేమే చేయించుకుంటున్నామండీ" యనును. ఊడ్పుల కాలమున గట్టుమీద నిలిచి, నాట్లు వేయు కూలివారి నడిగినచో మాత్రము ఏ మడి నెవరు చేయుచున్నారో, ఎకరమునకు ఎన్ని బస్తాలకు మాటాడుకొన్నారో, కిందటేడు ఎవరి చేతిలో నుండినది ఈ యేడు ఎవరి చేతికి వచ్చినదో తడుముకొనకుండ చెప్పుదురు. ఒకే చేనికి, ఒకే ఋతువున, ఇన్ని సమాధానములు! సమాజశాస్త్రజ్ఞులు తమ పరిశోధనామార్గములను గూర్చి నూఱేండ్లకు పైబడి తర్కించుకొనుచుండుటకు మూలమైన చిక్కు ఇట్టిదే.

ఈ దాపఱికము ఊరక పుట్టలేదు. 1855 నాటికి బెజవాడకడ కృష్ణకు ఆనకట్ట పూర్తియై కాలువలు పాఱిన నాటినుండి డెల్టాలో భూమికి విలువయు, దానితోపాటు కౌలునకు గిరాకియు హెచ్చినవి. 1956 నాటి కౌలు చట్టము సాగుదారునికి రక్షణ కల్పింపదలచి కౌలు గడువును, కౌలు పరిమాణమును నియమబద్ధము చేసెను. ఆ రక్షణయే భూమి చేజాఱునేమో యను భయమును యజమాని మనస్సున నాటగా, కాగితముమీది కౌలు క్రమక్రమముగా నోటిమాట కౌలుగా మాఱిపోయెను. తరువాత 2011లో ఋణార్హత కార్డులతో నొక చట్టమును, 2019లో యజమాని సమ్మతిపై 11 నెలల ఒప్పందమును గుర్తించు పంటసాగుదారుల హక్కుల చట్టమును వచ్చినవి. అయినను సంతకము పెట్టుటకు యజమాని జంకునంత కాలము సాగుదారుడు పత్రములలో లేనివాడుగానే యుండును. అనగా ప్రభుత్వపు లెక్క కేవలము అసంపూర్ణమైనది కాదు. ఏ సంబంధమును చట్టము వెలుగులోనికి తేదలచెనో ఆ సంబంధము ఆ చట్టమునకే జడిసి చీకటిలోనికి పోయినది. గన్నవరము విమానాశ్రయ విస్తరణమువంటి పనులకు భూమిని సేకరించునపుడు ఇది పండితుల వాదముగా మిగిలిపోదు. 2013 నాటి భూసేకరణ చట్టము, సొంతభూమి లేకున్నను ఆ నేలమీద మూడేండ్లుగా బ్రతుకుచున్న కౌలుదారుని, కూలిని గూడ బాధిత కుటుంబములలో చేర్చి, సామాజిక ప్రభావమును ముందుగా అంచనా వేయుమని శాసించినది. అంచనా వేయువారు ఏ మార్గమున విచారింతురో దానినిబట్టి ఒక కుటుంబము ఆ జాబితాలో ఉండుటయో లేకపోవుటయో నిశ్చయమగును.

గన్నవరమున వాతావరణశాఖవారు కొలుచు వాన, తన్ను కొలుచుచున్నారని యెఱిగి తగ్గదు, హెచ్చదు. మనుష్యుడు మాత్రము తన్ను కొలుచువాని ముఖము చూచి, ఆ కొలతవలన తనకు గలుగు లాభనష్టములను లెక్కించుకొని, పిమ్మట మాటాడును. సంఘపరిశోధనలోని కష్టమంతయు ఇందే యున్నది. కావున జనగణనము, నమూనా సర్వే, గ్రామాధ్యయనము, సహవాస పరిశీలనము, నియంత్రిత ప్రయోగము మొదలైన మార్గములలో దేనినైనను మంచిదనియో చెడ్డదనియో ఒక్కమాటలో తీర్పు చెప్పుటకంటె, అది దేనిని చూడగలదు, దేనిని చూడజాలదు అని విచారించుట మేలు. తఱచుగా ఈ రెండును ఒకే గుణమునుండి పుట్టును.

మొదట జనగణనమును చూతము. దాని బలము సమగ్రత: ప్రతి గడపను తట్టుట, ప్రతి మనిషిని ఎంచుట. పదేండ్ల కొకసారి, ఒకే తీరు ప్రశ్నలతో దేశమంతయు లెక్కించుటవలన, ఒక ఊరిని ఇంకొక ఊరితోను, ఒక దశాబ్దమును వేఱొక దశాబ్దముతోను పోల్చుటకు వీలగును. చిన్న కులముల, చిన్న పల్లెల, అరుదైన వృత్తుల జాడ తెలియవలెనన్నచో ఇంతకుమించిన సాధనము లేదు. ఇంతమందిని అడుగవలసి వచ్చుటవలననే ప్రశ్నలు క్లుప్తముగాను, సమాధానములు ముందుగా గీచిన గడులలో ఇమడునవిగాను ఉండితీరవలెను. తెల్లవారుజామున పాలకేంద్రమునకు పాలు పోసి, పగలు కూలికి పోయి, సాయంత్రము తన కౌలుచేనికి నీరు పెట్టు స్త్రీ ఏ గడిలో ఇముడును? గణకుడు పెక్కుసార్లు ఆమె భర్త నడిగి "గృహిణి" యని వ్రాసికొని పోవును.

లెక్క వ్యవహారమును మార్చుటయు కలదు. 2014 ఆగస్టు 19వ తేదీన తెలంగాణ ప్రభుత్వము ఒక్క దినమున సమగ్ర కుటుంబ సర్వే జరిపినపుడు, దూరప్రాంతములలో పొట్టపోసికొనుచున్నవారు బస్సులును రైళ్ళును క్రిక్కిఱియునట్లు స్వగ్రామములకు తరలివచ్చిరి. ఆనాడు ఇంట లేనివారికి ప్రభుత్వ పథకములు అందవేమో యని వారి భయము. ఒక్కరోజు లెక్కలో ద్విగణనము తగ్గునన్నది దాని బలము. ఆ ఒక్కరోజుకొఱకు ఊరు తన నిత్యరూపమును విడిచి వేఱొక రూపము ధరించునన్నది దాని లోపము. వలసపోయిన ఊరిని వలసపోని ఊరుగా చూపిన లెక్క, వలసను గూర్చి మనకేమి చెప్పగలదు? 2021లో జరుగవలసిన జాతీయ జనగణనము వాయిదాపడి, 2027 మార్చి 1వ తేదీ ఆధారదినముగా జరుగుటకు నిర్ణయమైనది. 1931 పిమ్మట జనగణనములో కులములన్నిటిని లెక్కించుట ఇదియే మరల మొదలు. రిజర్వేషన్లు, రాజకీయబలము, గౌరవము ముడిపడియున్న ఈ ప్రశ్నకు వచ్చు సమాధానములను చదువునపుడు, సంఖ్యతోపాటు ఆ సంఖ్యను చెప్పించిన ఆశను, భయమును గూడ చదువవలసి యుండును.

అందఱిని అడుగుట అసాధ్యమైనపుడు కొందఱిని అడుగుట లోకసహజము. ఆ కొందఱిని ఎన్నుకొను విధానమే నమూనాశాస్త్రము. అమెరికాలో 1936 నాటి అధ్యక్ష ఎన్నికలకు ముందు లిటరరీ డైజెస్ట్ అను పత్రిక సుమారు కోటి కార్డులు పంపి, సుమారు 24 లక్షల జవాబులు రాబట్టి, లాండన్ గెలుచునని ప్రకటించెను. గెలిచినది రూజ్‌వెల్టు, అదియు 48 రాష్ట్రములలో 46 చేజిక్కించుకొని. పత్రిక తన జాబితాను టెలిఫోను పుస్తకములనుండియు మోటారుకార్ల రిజిస్టర్లనుండియు కూర్చుకొనెను. కఱవుకాలమున ఆ రెండును ఎవరి యింట నుండునో ఊహింపవచ్చును. పైగా కార్డు అందినవారిలో నాలుగింట మూడువంతులు జవాబే వ్రాయలేదు. అంతకంటె ఎంతో చిన్న నమూనాతో, కాని జనములోని అన్ని తరగతులను దృష్టియందుంచుకొని ఎన్నుకొన్నవారితో, గాలప్ అను సర్వే నిపుణుడు విజేతను సరిగా చెప్పెను. గుణమునకు లోనుగాని పరిమాణమునకు విలువ లేదని ఆనాడు తేలినది. నిజముగా యాదృచ్ఛికముగా ఎన్నుకొన్నచో వేయిమంది చాలుదురు: వారినుండి వచ్చు నిష్పత్తి, 100కు 95 పర్యాయములు, సత్యమునకు నూటికి సుమారు 3 పాళ్ళు అటునిటుగా నుండును. ఆ వేయిమంది కృష్ణాజిల్లాకు ఎంత చాలుదురో, దేశమున కంతటికిని ఇంచుమించు అంతే చాలుదురన్నది చదువరికి ఆశ్చర్యము కలిగింపవచ్చును గాని గణితము అట్లే చెప్పుచున్నది. ఆ దోషమును సగము చేయవలెనన్నచో మాత్రము వేయిని రెండువేలు కాదు, నాలుగువేలు చేయవలెను.

మన దేశమున ఈ విద్యకు ప్రాణము పోసినవాడు ప్రశాంతచంద్ర మహలనోబిస్. 1931లో భారత గణాంక సంస్థను స్థాపించి, 1950లో జాతీయ నమూనా సర్వేకు నాంది పలికిన ఆ మహనీయుడు, అడుగువానివలన కలుగు దోషమును పట్టుటకొక చక్కని యుపాయమును కనిపెట్టెను: ఒకే క్షేత్రమున రెండు స్వతంత్ర బృందములచే వేఱువేఱు నమూనాలు తీయించి, రెండింటి ఫలితములను సరిపోల్చుట. తేడా హద్దు మీఱినచో, చేనిలో కాక లెక్కించువానిలోనే తప్పున్నదని గుర్తింపవచ్చును. అయితే ఈ యుపాయమునకును లొంగని దోష మొకటి మిగిలియున్నది. రెండు బృందములకును యజమాని ఒకే అబద్ధము చెప్పినచో, రెండు ఫలితములును చక్కగా ఏకీభవించును! నమూనా పెంచినకొలది యాదృచ్ఛిక దోషము తగ్గును, దాపఱికము తగ్గదు. నోటిమాట కౌలును పెద్ద సర్వేలు తక్కువగా చూపునని వ్యవసాయార్థశాస్త్రజ్ఞులు చిరకాలముగా చెప్పుచు వచ్చుటకు హేతువు ఇదే.

నోటితో చెప్పినదానికిని చేతితో చేసినదానికిని గల దూరమును కొలిచిన ప్రయత్నము లున్నవి. లాపియర్ అను అమెరికన్ పండితుడు 1930 ప్రాంతమున ఒక చీనా దంపతులను వెంటబెట్టుకొని దేశమంతయు తిరిగి, 251 హోటళ్ళలోను భోజనశాలలలోను అడుగుపెట్టగా ఒక్కచోట మాత్రమే పొమ్మనిరి. తరువాత వారికే ఉత్తరములు వ్రాసి చీనావారిని రానిత్తురా యని యడుగగా, జవాబిచ్చినవారిలో నూటికి తొంబదిమందికి పైగా రానీయమనిరి. ఇందు జవాబు వ్రాసినవాడును ఆనాడు గదియిచ్చినవాడును ఒకడే యని చెప్పలేమన్న ఆక్షేపణ కలదు. ఐనను ఆ యంతరము తోసివేయదగినది కాదు. మన దేశమున అంతరము ఎదురుదిక్కున నుండును: అంటరానితనము పాటించుచున్నామని చెప్పుటకు నోరు జంకును. 2011-12లో జరిగిన భారత మానవాభివృద్ధి సర్వేవారు దీని నెఱిగి, తిన్నగా అడిగినపుడు పాటింపమన్న వారిని, షెడ్యూల్డు కులమువారు మీ వంటయింటిలోనికి వచ్చినను, పాత్రలు వాడుకొన్నను అభ్యంతరము లేదా యని మరల నడిగిరి. రెండు ప్రశ్నలకును కలిపి నూటికి 27 కుటుంబములు దొరికిపోయినవి. రెండవ ప్రశ్న లేనిదే వీరిలో కొందఱు దాగిపోయియుందురు. ప్రశ్నావళి వ్రాయుట గుమాస్తాపని యనుకొనువారు ఈ యొక్క యుదాహరణమును మననము చేసికొనవలెను.

ఇక గ్రామాధ్యయనములకు వత్తము. ఆంధ్రదేశమునకు ఇందు గర్వింపదగిన చరిత్ర యున్నది. నిడుబ్రోలులో పుట్టి ఆక్స్‌ఫర్డున చదివివచ్చిన గోగినేని రంగా, 1926లోనే డెల్టాగ్రామముల యార్థికవ్యవస్థపై ఒక సంపుటమును ప్రకటించెను. తరువాత 1951-52లో శ్యామాచరణ్ దూబే నాయకత్వమున ఉస్మానియా విశ్వవిద్యాలయ బృందము హైదరాబాదు సమీపమందలి శామీరుపేటను పరిశోధించెను. అందు సాహిత్య, సాంఘిక శాస్త్రముల విద్యార్థులతోపాటు వ్యవసాయ, వైద్య, పశువైద్య శాఖల విద్యార్థులును పాల్గొనిరి. 1955లో వెలువడిన దూబే గ్రంథము స్వతంత్ర భారతమున గ్రామాధ్యయనములకు దారితీసిన తొలిగ్రంథములలో నొకటి. పశువు జబ్బుపడినపుడు మందిచ్చి, పిమ్మట కుటుంబపు కథ విన్న బృందమునకు ఊరివారు చెప్పినంత, కాగితము పట్టుకొని వచ్చిన పరాయివానికి చెప్పరు గదా!

కాని గన్నవరమువాసులకు అన్నిటికంటె దగ్గఱిది, వారి ప్రతినిధియే చేసిన పని. 1955లోను, 1962లోను, మరల 1978లోను ఈ నియోజకవర్గమునుండి శాసనసభకు ఎన్నికైన పుచ్చలపల్లి సుందరయ్యను ప్రజలు ఉద్యమనాయకునిగా నెఱుగుదురు. పరిశోధకునిగా నెఱిగినవారు తక్కువ. ఆయన 1974లో అనంతవరము, కాజ గ్రామములను సర్వే చేసి, రైతాంగములోని వర్గభేదములను గూర్చిన ఫలితములను 1977లో సోషల్ సైంటిస్ట్ పత్రికయందు ప్రకటించెను. ఎకరముల లెక్క ఒక్కటే మనిషి స్థితిని చెప్పదన్నది ఈ విధమైన అధ్యయనమునకు మూలసూత్రము. డెల్టా మాగాణి రెండెకరములును రాయలసీమ మెట్ట రెండెకరములును ఒకటి కావు. రెండెకరములవాడు దానిని కౌలుకిచ్చి బడిపంతులు ఉద్యోగము చేయుచుండవచ్చును, లేదా ఇంకొక నాలుగెకరములు కౌలుకు తీసికొని, తీఱిక దినములలో కూలికి పోవుచుండవచ్చును. కనుక ఈ కుటుంబము తన చేతులతో దున్నునా, పరులచే దున్నించునా, పరులకు దున్నిపెట్టునా యన్నదే గీటురాయి. ఈ ప్రశ్నకు ఉత్తరము పట్టాదారు పాసుపుస్తకములో దొరకదు. ఒక యేడాది సేద్యమును పంట పంటకు, పని పనికి అడిగి వ్రాసికొన్నపుడే దొరకును.

ఇల్లిల్లు తిరిగి ఊరంతటిని లెక్కించుటలో ఇంకొక రహస్యబలము కలదు. నమూనాలో యజమాని ఒక యూరివాడు, కౌలుదారు ఇంకొక యూరివాడు కావచ్చును. వారి మాటలను ముడిపెట్టుటకు వీలులేదు. ఊరినంతయు వ్రాసినపుడు, ఎవరికి ఇచ్చెనో ఒకడు దాచినను, ఎవరినుండి తీసికొనెనో యింకొకడు చెప్పును. అతడును దాచినచో, ఆ చేనిలో ఎవరు పిలువగా కోతకు పోయిరో కూలివారు చెప్పుదురు. మూడువైపులనుండి వెలుగు పడినచో నీడకు చోటు చాలదు.

ఈ మార్గమునకు లోపములు లేవా? ఉన్నవి, వానిని దాచుట శాస్త్రమునకు ద్రోహము. రెండు గ్రామములు రాష్ట్రము కావు. వానిని ఎన్నుకొన్నవారు తమకు పరిచయమున్నచోటనే ఎన్నుకొందురు. వర్గమును వెదకుటకు పోయినవానికి వర్గము కనబడుట సులభము, కులమును, ఇంటిలోని స్త్రీ స్థితియు రెండవ వరుసలోనికి జరుగుట సులభము. రాజకీయపక్షమునకు చెందినవాడు అడిగినపుడు కూలివాడు మనసువిప్పి చెప్పవచ్చును. భూస్వామి పెదవి బిగించి యుండవచ్చును. ఈ యాక్షేపణలకు మాటలతో సమాధానము లేదు. సమాధానము మరల పోయి చూచుటయే. అట్టి పనియే జరిగినది. వ్యవసాయాధ్యయన సంస్థ పక్షమున వి. కె. రామచంద్రన్, వికాస్ రావల్, మధుర స్వామినాథన్ గారలు 2005-06లో అనంతవరమును ఇల్లిల్లు తిరిగి మరల సర్వే చేసిరి. అనంతపురము జిల్లా బుక్కచెర్ల, కరీంనగరు జిల్లా కొత్తపల్లె గ్రామములను గూడ చేర్చి 2010లో గ్రంథముగా వెలువరించిరి. వర్గముతోపాటు కులము, ఆదాయము, అప్పు, ఇల్లు, చదువు మొదలైనవన్నియు ఇందు చేరినవి. దళిత కుటుంబములలో భూమిలేమి ఎంత గాఢమో, కౌలు చెల్లించిన పిదప సాగుదారునికి మిగులునది ఎంత స్వల్పమో లెక్కలతో రుజువైనది. మూడు దశాబ్దముల యంతరమున ఒకే యూరిని రెండు జతల కండ్లు చూచుట మన దేశమున అరుదైన భాగ్యము. తొలి పరిశోధకుని పక్షపాతమును మలి పరిశోధకుడు సరిదిద్దగలడు; వారిరువురును ఏకీభవించిన యంశమును మనము ధైర్యముగా నమ్మవచ్చును.

అట్లని ఊరిని ఎంత శ్రద్ధగా లెక్కించినను, ఊరు విడిచిపోయినవాడు ఆ జాబితాలో ఉండడు. డెల్టా మిగులు ధనము రైసుమిల్లులోనికి, సినిమాలోనికి, కాలేజీలోనికి, పిమ్మట సముద్రము దాటియు పోయినది. కోస్తా రైతులు పెట్టుబడిదారులుగా మాఱిన తీరును కారొల్ ఉపాధ్య అను పరిశోధకురాలు 1988లో ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీయందు వివరించినది ఊరి హద్దులు దాటి పట్టణమున మనుష్యులను వెదకి, వారితో మాటాడి. షియాంగ్ బియావో అను చీనా పరిశోధకుడు ఇంకను దూరము పోయి, హైదరాబాదునుండి సిడ్నీవఱకు తెలుగు సాఫ్ట్‌వేరు ఉద్యోగుల వెంట నడచి, వారిని విదేశములకు పంపు దళారీల వ్యాపారమును, దానికి మూలధనముగా మాఱిన కోస్తా కట్నములను 2007 నాటి గ్రంథమున వెలుగులోనికి తెచ్చెను. కట్నపు సొమ్ము కంప్యూటరు శిక్షణకును వీసాకును ఎట్లు మాఱునో ఏ జనగణన ప్రశ్నావళి అడుగగలదు? అడుగవలసిన ప్రశ్న ఏదియో ముందుగా తెలియనిచోట, మనుష్యులతో కలిసిమెలిసి యుండుటయే మార్గము. ఆ ప్రశ్నను కనిపెట్టుటయే సహవాస పరిశోధనపు పరమప్రయోజనము.

దాని బలహీనతయు అందే యున్నది: చూచు కన్ను ఒక్కటి, విను చెవి ఒక్కటి. హైమండార్ఫు అను మానవశాస్త్రజ్ఞుడు నిజాము రాజ్యమున చెంచులతోను, కొండరెడ్లతోను, రాజగోండులతోను ఏండ్ల తరబడి తిరిగి గ్రంథములు వ్రాసెను. మఱియొకడు అదేకాలమున అదేచోట నుండి చూచియుండనందున ఆయన మాటను తూచుటకు తూకపురాయి లేదు. ఆయన దశాబ్దముల పిమ్మట మరల ఆ కొండలకు వచ్చి, గిరిజనులు తమ భూములను కోల్పోయిన వైనమును 1982లో ప్రకటించెను గనుక మనకు కొంత నయము. ఇంకొక ధర్మసంకటము గలదు. ఇట్టి పరిశోధకులు ఊరి పేరును మనుష్యుల పేర్లను మార్చి వ్రాయుదురు. కాని ఊరివాడు చదివినచో రెండు పుటలలో అందఱిని గుర్తుపట్టగలడు. నమ్మి చెప్పినవానికి హాని కలుగకుండ చూచుట పరిశోధకుని మొదటి బాధ్యత, గ్రంథము రెండవది.

ఇది యిట్లుండగా ఇరువదియేండ్లుగా నియంత్రిత ప్రయోగములకు పేరు వచ్చినది. అందు కొన్ని ప్రసిద్ధమైనవి మన నేలమీదనే జరిగినవి. 2005లో హైదరాబాదునందలి 104 పేదవాడలను తీసికొని, వానిలో 52 వాడలను లాటరీవంటి పద్ధతిన ఎన్నుకొని, అచ్చట ఒక సూక్ష్మఋణ సంస్థ శాఖలు తెఱచునట్లును, తక్కిన 52 వాడలలో కొంతకాలము తెఱువకుండునట్లును ఏర్పాటు చేసిరి. అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ డఫ్లో, రేచల్ గ్లెనర్‌స్టర్, సింథియా కినన్ గారలు దీని ఫలితములను 2015లో ప్రకటించిరి. అప్పు తీసికొన్నవాడు బాగుపడినచో అప్పువలన బాగుపడెనా, బాగుపడగల చొరవ యున్నవాడు గనుక అప్పు తీసికొనెనా యన్న చిక్కుముడిని విప్పుటకు లాటరీని మించిన పదునైన సాధనము లేదు. రెండు గుంపులకును గల భేదము లాటరీ యొక్కటే గనుక. ఋణము వచ్చిన వాడలలో చిన్న వ్యాపారములపై పెట్టుబడి కొంత పెరిగినది. కుటుంబపు మొత్తము ఖర్చునందు, ఆరోగ్యమునందు, పిల్లల చదువునందు, స్త్రీల నిర్ణయాధికారమునందు మాత్రము చెప్పదగిన మార్పు కానరాలేదు. అద్భుతమని చాటుచుండినవారి నోటికి తాళము వేసిన ఫలితమిది, దాని విలువను తక్కువ చేయరాదు.

కాని అదేకాలమున కృష్ణాజిల్లాలో ఏమి జరిగినది? 2006 మార్చిలో, అధికవడ్డీలు, దౌర్జన్యపు వసూళ్ళు, అప్పు తీసికొన్నవారి ఆత్మహత్యలను గూర్చిన ఆరోపణల నడుమ, జిల్లా యంత్రాంగము రెండు పెద్ద సూక్ష్మఋణ సంస్థల శాఖలను సుమారు 50 మూయించెను. 2010 అక్టోబరులో రాష్ట్రప్రభుత్వము ఆర్డినెన్సు తెచ్చి ఈ వ్యాపారమునంతటిని కట్టడి చేసెను. హైదరాబాదు ప్రయోగము తప్పు చెప్పలేదు. అది అడిగిన ప్రశ్న వేఱు. అది సగటును కొలిచినది. నాలుగైదు సంస్థలనుండి అప్పు తెచ్చి ఒకదానితో నొకటి తీర్చుచు, వారపు కంతు కట్టలేని దినమున తోటి సభ్యురాండ్రు గుమ్మమున కూర్చుండగా సిగ్గుతో క్రుంగిన స్త్రీ సగటులో కరగిపోవును. పైగా ఆ సంస్థ శాఖలు తెఱువని వాడలలోను, అనగా తూకపు వాడలలోను, ఇతర సంస్థలు ఊరకుండలేదు: ప్రయోగపు వాడలలో నూటికి సుమారు 27 కుటుంబములు సూక్ష్మఋణము పొందియుండగా, తూకపు వాడలలోను సుమారు 18 కుటుంబములు పొందియుండినవి, కొలువబడినది ఆ తేడా యొక్క ఫలము మాత్రమే. బస్తీలో కనుగొన్నది పల్లెకు వర్తించునా, ఒక సంస్థ నడతనుబట్టి మఱియొక సంస్థ నడతను ఊహింపవచ్చునా అన్న ప్రశ్నలకు ప్రయోగమే సమాధానము చెప్పజాలదు. రాష్ట్రమున వందలకొలది పాఠశాలలలో ఉపాధ్యాయుల ప్రోత్సాహకములపై కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ గారలు 2005 మొదలు జరిపిన ప్రయోగములకును ఇదే వర్తించును: లెక్కలలో, భాషలో మార్కులు పెరిగినవని నిశ్చయముగా చెప్పగలిగిరి, మార్కులకు చిక్కని విద్య ఏమయ్యెనో చెప్పుటకు వేఱు పరిశీలనము కావలెను.

వ్రాతపత్రములపై ఆధారపడుట అన్నిటికంటె చౌకయు, అన్నిటికంటె మోసకారియు. 1897లో సమాజశాస్త్రజ్ఞుడు దుర్ఖైము ఆత్మహత్యల పట్టికలనుండి సంఘబంధముల బలాబలములను నిర్ణయింపగా, ఒక మరణమును ఆత్మహత్యయని వ్రాయువారి అలవాట్లే ఆ పట్టికలలో దాగియున్నవని జాక్ డగ్లస్ 1967లో ఆక్షేపించెను. భూమి పత్రము లేని కౌలుదారుడు ప్రాణము తీసికొన్నపుడు అతడు రైతుగా నమోదగునా యన్న మన యూరి ప్రశ్నయు ఆ వాదములో భాగమే. కాలక్రమమున ఒకే మనుష్యులను వెంబడించుట మఱియొక మార్గము: యంగ్ లైవ్స్ అను అధ్యయనము 2002 మొదలు నాటి ఆంధ్రప్రదేశమునందలి సుమారు 3,000 మంది బాలబాలికలను పెద్దవారగువఱకు పలుమార్లు పలుకరించి, బాల్యపు లేమి యౌవనమున ఎట్లు ఫలించునో చూపుచున్నది. ధనము, ఓర్పు, చిరునామా మాఱిన బిడ్డను వెదకి పట్టు శ్రద్ధ మూడును దీనికి కావలెను.

ఇన్నిటిని చూచిన పిమ్మట, మన డెల్టా విషయమున నా నిర్ణయము స్పష్టము. ఊరినంతయు ఇల్లిల్లు వ్రాయుట, ఏండ్ల పిమ్మట మరల పోయి వ్రాయుట, ఆ రెండింటి నడుమ ఊరిలో కొన్నాళ్ళు నివసించి మాట వినుట: ఈ మూడు కలిసిన అధ్యయనమునకు మన ప్రాంతమున సాటి లేదు. అట్లు కనుగొన్నది ఎంత దూరము వ్యాపించియున్నదో తెలియుటకు నమూనా సర్వే కావలెను. ఒక పథకము పనిచేయునా లేదా యను ఇఱుకైన ప్రశ్నకు ప్రయోగము కావలెను. క్రమము తప్పి, మొదట ప్రయోగమును, పిమ్మట సర్వేను జరిపి, ఊరికి ఎన్నడును పోకుండుట నేటి యాచారముగా మాఱుచున్నది. ఇది మాన్పవలసిన యాచారము.

దీనికి పెద్ద సంస్థలే అక్కఱలేదు. శామీరుపేటకు పశువైద్య విద్యార్థులు పోయిరి. గన్నవరమున పశువైద్య కళాశాల యున్నది, చుట్టుప్రక్కల డిగ్రీ కళాశాలలు, వైద్యకళాశాల ఉన్నవి. ఒక కళాశాల ఒక ఊరిని ఎన్నుకొని, అధ్యాపకుల పర్యవేక్షణమున ఇల్లిల్లు వ్రాసి, పేర్లను భద్రముగా మఱుగుపఱచి, ఫలితమును గ్రామసభలో చదివి వినిపించి, పదేండ్ల కొకసారి మరల ఆ యూరికి పోవు నియమము పెట్టుకొన్నచో, ఒక తరము గడచునప్పటికి కృష్ణాతీరపు సాంఘికచరిత్రకు ఇంతకంటె నమ్మదగిన యాధారము ఉండదు. ఈ వ్యాసము చదువుచున్నవారి యిండ్లలో తాతముత్తాతల నాటి జమాఖర్చు పుస్తకములు, కౌలుచీటీలు, బస్తాల లెక్కలు అటకమీద నున్నచో, వానిని పాతకాగితములవానికి తూకమునకు వేయక, దగ్గఱి కళాశాలకో గ్రంథాలయమునకో చూపి నకలు తీయనిండని నా ప్రార్థన.